సున్నం లోడు

నలభై బస్తాల సున్నం, మూడు డ్రమ్ముల నీళ్లు,
గడ్డి పరిచిన పెట్టెల్లో ఆరు వందల గుడ్లు.
తెల్లవారకముందే ఆయాకుచోలో ఎత్తాను.
గుడ్లెందుకని చెక్‌పోస్టులో ఆడపోలీసు అడిగింది.
కొండకి పూయడానికి అన్నాను.
నోరు తెరవమని వాసన చూసింది.

మా యురాక్ ఓర్కో అంటే తెల్లకొండ.
నా చిన్నప్పుడు పేరుతో పనిలేదు, చూస్తే చాలు.
ఇప్పుడు చూస్తే చాలదు, చెప్పాలి.
నల్లరాయి మీద ఆండీస్ ఎండ పడి
పొద్దుగూకాక కూడా పెనంలా వేడి వదలదు.
కింద చిత్తడి ఎండిపోయి
అల్పాకాలు గడ్డిని వేళ్లతో సహా పీకి తింటున్నాయి.

అందుకే సున్నం.
తెలుపు ఎండని వెనక్కి కొడుతుంది, రాయి చల్లబడుతుంది,
చల్లబడ్డ రాయి మీద మంచు నిలుస్తుంది.
దోన్యా ఫొర్తునాతాకి ఎవరో చెప్పారు, ఆవిడ మాకు చెప్పింది.
తెల్లసొన కలిపితే వానకి పోదట.
తెల్లసొన కొండకి, పచ్చసొన పూసేవాళ్లకి.
వారం నుంచి అందరి మూతులూ పసుపే.

నేను లెక్క తెలిసినవాణ్ణి.
పైకి ఒక ట్రిప్పంటే నలభై లీటర్ల డీజిలు.
ప్రతి మలుపులో నా బండి వదిలే పొగ
నాకంటే ముందే కొండెక్కుతుంది.
సున్నం మాత్రం ఊరికే వచ్చిందా,
బట్టీలో రాయిని రోజుల తరబడి కాలిస్తేనే కదా.
ఈ మాట ఫొర్తునాతాతో అన్నాను.
"మరి వీపు మీద మోసుకొస్తావా?" అంది.
నోరు మూసుకుని బస్తాలు దించాను.

లీమా నుంచి వచ్చిన కాలేజీ కుర్రవాడు
నోట్‌బుక్కు తెరిచి అడిగాడు:
భూమి వేడెక్కడాన్ని వెనక్కి తిప్పగలమా?
అక్కడున్న పదకొండు మందిలో
వెనక్కి నడపడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

మొన్న ఫిబ్రవరిలో కొండచరియ దారిని మింగిన రోజు
ముందు రాళ్లు, పక్కన లోయ, తిప్పుకోవడానికి చోటు లేదు.
రెండు కిలోమీటర్లు రివర్సు గేరులో దిగాను.
రివర్సంటే మొదట
ముందుకి పోవడం ఆపడం.
బ్రేకు తొక్కాక కూడా లోడు ఇంకాస్త జరుగుతూనే ఉంటుంది.
ఆ పైన అద్దాలు చాలవు, వెనకాల మనిషుండాలి.
మా విల్బెర్, పన్నెండేళ్లవాడు, వానలో నిలబడి
బాడీ మీద అరచేత్తో కొడుతూ
రా... రా... ఆగు... కొంచెం కుడికి... రా...
గొంతు పోయేదాకా అరిచాడు.
పది నిమిషాల్లో ఎక్కిన దారి
దిగడానికి మూడు గంటలు.
దిగి చూస్తే బయల్దేరిన చోటు బయల్దేరినట్టు లేదు.
వంతెన సగం ఏట్లో ఉంది.
బతికి దిగాం, అంతే.

కుర్రవాడు "గ్లేసియర్" అని రాసుకున్నాడో, "గేరు" అని రాసుకున్నాడో.

మధ్యాహ్నానికి తొడుగులు చిరిగి సున్నం వేళ్లని తినేసింది.
ఆ చేతులతోనే సంచీ విప్పి
తలా గుప్పెడు కోకా ఆకులు పట్టుకున్నాం.
చేతులు కాలాకే. అవును.
ముందే పట్టుకోవాల్సినవాళ్లు పట్టుకోలేదు,
వాళ్ల చేతులు కాలనూ లేదు.
నమిలాం. నోరు మొద్దుబారింది, ఆకలి చచ్చింది.

సాయంత్రానికి ఎకరం నిండా కూడా తెల్లబడలేదు.
ఎదుటి గట్టు మీంచి చూస్తే
నల్ల అల్పాకా నుదుటి మీద చుక్క.
సెనోబియో తాత పూసిన రాతికి చెంప ఆనించి
చాలాసేపు అలాగే ఉన్నాడు.
చల్లగా ఉందా తాతా?
లేచి, పూయని రాతికి కూడా చెంప ఆనించి చూసి,
"దీనికంటే" అన్నాడు.

నా కుంచె వెంట్రుకొకటి సున్నంలో ఇరుక్కుని
కొండకి అంటుకుపోయింది.
పట్టుకుని లాగాను.
కొండా రాలేదు, వెంట్రుకా రాలేదు.

రేపటికి ఏడు వందల గుడ్లు తెమ్మంది ఫొర్తునాతా.