టేపు తొంభై దగ్గర

నా డబ్బా మూత తీస్తే
తెల్లటి పొగ చేతిమీద పాకుతది.
లోపల ఎముకలు కొరికే చలి.
ఆ చలిలోంచి తీసిన పుల్లంత గొట్టం
నిరుడు మాఘంల ఓదమ్మ ఆవుకు వేసిన.
కార్తీకంల పెయ్య పుట్టింది,
ఎర్రటి ఒళ్లు, కండ్ల చుట్టు కాటుక,
మూపురం లేని నున్నటి వీపు.
ఓదమ్మ దానికి సల్లమ్మ అని పేరు పెట్టింది,
పేరు పిలిస్తెనన్న ఒళ్లు సల్లవడుతదని.

నెలనెలా పోయి టేపు పడుత,
ముందుకాళ్ల వెనుక, గుండె చుట్టు.
పుట్టిన్నాడు అరవై ఆరు.
మాఘంల ఎనభై నాలుగు.
కాముని పున్నమికి తొంభై.
కాముడు కాలిన మర్నాడు కొట్టంల నిలవడితే
రేకుల మీద వాలిన కాకి
కాలు మోపలేక ఎగిరిపోయింది.

మా ఊరు గోదావరిఖని అవతల,
ఓసీ మట్టిగుట్ట నీడల.
నీడ అంటున్నగాని
అది పగలంత కాగిన పెనం,
రాత్రి మూడింటిదాక సెగ కక్కుతనే ఉంటది.

చైత్రంల తొంభై.
సరిగ్గ పట్టలేదేమోనని మళ్ల పట్టిన.
తొంభై.
"మంచిగ తింటలేదా?"
"తింటది డాక్టర్ సాబూ, నడిరాత్రి తింటది.
పగటీలి గడ్డి మొకం సూడది.
గోలెంల మూతివెట్టి నిలవడతది,
తాగది, ఊకె పెడతది."

సల్లమ్మ నాలుక బయటేసి ఒగర్సుతున్నది.
నిమిషానికి ఎనభై అయిదుదాక డొక్కలు లెక్కవెట్టి
ఆ పైన లెక్కవెట్టబుద్ధి కాలేదు.
తిన్నదంత పెరుగుడుకు పోతలేదు,
ఒగర్సుడుకే పోతున్నది,
అడ్డ మీద దొరికిన కూలి
ఆటో కిరాయికే సరిపోయినట్టు.

పక్క గుంజకు ఊరి పెయ్య, దాని ఈడుదే.
మూపురం మొలిచే చోట ఎండను మోసుకుంట
పొద్దంత తిరిగి తుమ్మకాయలు ఏరుకొస్తది.
నా డబ్బాకు దానితోని పనిలేదు.
దాని చుట్టు టేపు పట్టుమని
ఏ ఆఫీసూ నన్ను అడగలేదు.

వైశాఖం. ఎండ నలభై ఆరు.
ఓదమ్మ పెనిమిటి కొమురెల్లి
ఓసీల డంపరు తోల్తడు.
రాత్రి డ్యూటీ దిగొచ్చి పండుకుందామంటె
అర్రల కూలర్ లేదు.
కొట్టంల ఉంది,
సల్లమ్మ మొకం మీద తడిగాలి కొట్టుకుంట.
"నేను మనిషిని గదనే" అన్నడట.
"నీ బండిల ఏసీ ఉన్నది,
దానికి దాని ఒళ్లే బండి" అన్నదట.
మూడోనాడు పోతే
ఇద్దరూ కూలర్ ముందటనే,
కొమురెల్లి నులకమంచంల గురకవెట్టుకుంట,
పెయ్య ఆయన అంగీ అంచు నములుకుంట.

ఆ నెల సుత తొంభై.
ఓదమ్మ నా చేతిల పెన్ను దిక్కు చూసింది.
"తొంభై రెండు రాయి సాబూ."
"ఎట్ల రాస్త?"
"రాయి. అది ఇంటున్నది."

రాయలేదు.
దారిపొడుగున బండి మీద అదే సోయి.
నేను వేసిన గొట్టం మీద
ఎద్దు నంబరు ఉన్నది,
ఎద్దు తల్లి ఎన్ని పాలిచ్చిందో ఎక్కడో రాసి ఉన్నది.
ఏ సల్లటి గడ్డి మీద పెరిగిన పాణమో
ఏ ఎండలకు తోలుతున్నమో
రాసే జాగ లేదు దానిమీద.

మిరుగంనాడు మొగులైంది.
గాలి దుమారం, నాలుగు చినుకులు,
తర్వాత ఉడుకపోత.
ఎండ పోయిందనుకుంటె ముసురు పట్టింది,
చెవుల సందున పిడుదులు, మూడొద్దుల జెరం.
టేపు తీసుకపోవడానికి కాళ్లు రాలేదు.

ఆరుద్ర దాటినంక పోయిన.
ఓదమ్మ నాట్లకు పోయింది.
కూలర్ మళ్ల అర్రలకు చేరింది.
కొట్టంల పేడ వాసన, తడి గడ్డి వాసన,
సల్లమ్మ కండ్లు మూసుకొని నెమరేస్తున్నది.
తట్టి లేపి టేపు చుట్టిన.
దారమంత జరిగింది.

చుట్టూ ఎవ్వరు లేరు.
ఊరి పెయ్య, ఓ పిల్లి, నేను.
సల్లమ్మ చెవి ఇటు తిప్పింది.
"తొంభై ఒకటి" అని
గట్టిగనే చదివి రాసుకున్న.