మూడు ఎనిమిదైన రోజు

పద్దెనిమిదేండ్లు బస్సుల నిలబడ్డ
ఉప్పల్ నుంచి మెహదీపట్నం దాకా,
ఒక చెయ్యి కమ్మీ మీద, ఒక చెయ్యి మిషన్ మీద.
ఎల్బీనగర్ దాటినంక ఒక స్పీడ్ బ్రేకర్
నా నడుముల నాలుగో పూసకూ ఐదో పూసకూ నడుమ
తన టికెట్టు తనే కొట్టుకున్నది.

ఆపరేషనైన రాత్రి నర్సమ్మ ఇచ్చిన తెల్లగోళీ
అర్ధరూపాయి బిళ్ళంత గూడ లేదు.
అరగంటకు, పుట్టి బుద్ధెరిగినంక మొదటిసారి
నా ఒంట్ల అందరికీ సీటు దొరికింది.

నిజం చెప్తున్న, నొప్పి పోలే.
అది వెనక సీట్ల కూసొని కిటికీలకెల్లి చూస్తున్నది, అంతే.
దిగిపోయినయి వేరే:
ఇంటి లోను కిస్తీ,
ఆడబిడ్డ అన్న మాట,
మా ఆయన నాతోని మాట్లాడక గడిపిన నలభై రోజులు,
అన్నీ ఒక్క స్టేజీల.
ఆ సంగతి ఏ డాక్టరుకూ చెప్పలే.
నడుం నొప్పి తగ్గిందా అమ్మా అంటే
తగ్గింది సార్ అన్న.
అడిగినదానికే జవాబు.

పొద్దుకొకటి, మాపుకొకటి అని రాసిండ్రు.
పగటిపూటది నేనే రాసుకున్న.
ఒళ్ళంత దురద. కడుపుల బండరాయి.
చాయ్ పెట్టి నిలబడే కునుకు;
గిన్నె మాడిన వాసనకు గూడ కోపం రాలే.
బిడ్డ రచన పదో తరగతి మార్కులు చెప్పింది.
మంచిది బిడ్డా అన్న.
ఎన్నో యాదికి లేదు.

చీటీ మీద మూడో నెల. బయట ఆగస్టు వాన.
హబ్సిగూడల ఒక జిరాక్సు, నాచారంల ఒకటి,
ఒక్కో మెడికల్ షాపు ఒక్కో స్టేజీ.
ఒక మాపటేళ నీలం పెన్నుతోని
మూడును ఎనిమిది చేసిన.
చెయ్యి వణకలే.
ఎంత చక్కగ వచ్చిందో!

రామంతపూర్ షాపుల ఇద్రీస్ అని పిలగాడు,
గడ్డం ఇంకా సరింగ రాలే.
చీటీని ట్యూబులైటుకు ఎత్తి పట్టిండు.
నా వెనక ఇద్దరున్నరని గొంతు తగ్గించిండు:
"అక్కా, ఈ ఎనిమిది డాక్టరుది కాదు."

ఆ చూపు నాది.
నేనూ అట్లనే పాసులు ఎత్తి పట్టి చూసేదాన్ని.
సాగర్ రింగురోడ్డు కాడ, గిట్లాంటి వానల్నే,
తారీఖు దిద్దిన పాసుతోని ఒక ఇంటర్ పిలగాడు
"ఫీజు కట్టినంక పైసల్లేవు మేడం" అన్నడు.
సీటీ కొట్టి దింపిన.
పుస్తకాలు నెత్తిన పెట్టుకున్న వాడు
అద్దంల చిన్నగయితనే ఉన్నడు, చానాసేపు.

ఇద్రీస్ నన్ను దింపలే.
స్టూలు జరిపిండు. నీళ్ళసీసా ఇచ్చిండు.
"మా మామూకు గూడ గిట్లనే, అక్కా."
అంతకన్న ఏం చెప్పలే.
చీటీ బోర్లించి వెనక రాసిండు: ఎర్రగడ్డ.
గుండె జల్లుమన్నది.
బస్సుల ఎవరన్న లొల్లి చేస్తే
'ఎర్రగడ్డకు కొట్టాల్నా టికెట్టు' అని
నలుగుర్ని నవ్వించిన నోరే ఇది.

ఆ డాక్టరమ్మ తిట్టలే.
గోళీని బ్లేడుతోని సగం చెయ్యమన్నది, ఇంకో నెలకు పావు.
ఆవలింతలు, కారే ముక్కు, తడిసిన దుప్పటి,
కాళ్ళల్ల చీమలబారు.
నాలుగింటికి డిపోల ఫస్ట్ ట్రిప్పు ఇంజన్ లేస్తే
దానితోని పాటు నా కాళ్ళూ ఊగేటియి.
దిగిపోయినోళ్ళంత మళ్ళ ఎక్కిన్రు:
కిస్తీ, ఆడబిడ్డ, నలభై రోజులు.
ఒక్కరి కాడ గూడ టికెట్టు లేదు.

"ఎన్ని మార్కులు వచ్చినయి బిడ్డా?"
"అప్పుడే చెప్పిన గదమ్మా."
"మళ్ళ చెప్పు."
నా మొఖం దిక్కు చూసి, నిమ్మళంగ
ఒక్కో సబ్జెక్టు చెప్పింది. లెక్కలల్ల తక్కువే.
కోపం వచ్చింది.
ఎన్ని దినాలకు వచ్చిందో ఆ కోపం!

ఇప్పుడు పాసుల కౌంటర్ల కూసోబెట్టిన్రు.
నడుం గుంజుతది. గుంజనీ.
సంచిల చిల్లర అరల
కాయితంల చుట్టిన సగం గోళీ ఉన్నది.
ఎందుకు పారెయ్యలే అని అడగకుండ్రి.
డ్యూటీ దిగేముందు చిల్లరతోని పాటు
దాన్ని గూడ లెక్కవెడ్త.
ఇయ్యాల్టిదాకా
లెక్క తక్కువ రాలే.