నీళ్ళు ఆపిన నెల

బట్టలుతికే బండకూ దొడ్డి గోడకూ నడుమ
మూడు మూరల నేల ఉంది మాకు.
మంగళవారం బజార్ల
ముప్పై రూపాయలకు తెచ్చిన డాలింబ మొక్క
(అత్త మాత్రం దానిమ్మ అనే అంటది,
సోలాపూర్ల పుట్టి పెరిగినా)
ఆ నేలంతా తనదే అన్నది.

మూడేండ్లు పూసింది.
గంటల్లాంటి పూలు, ఎర్రగ, వట్టివి.
పొద్దున బీడీల చాట ముందేసుకుంటే
తునికాకు మీద రాలేవి.
కడుపు లావున్న పూవే కాయైతదట,
సన్నది నిలవదట.
ఒక్కో పూవు నడుము ఎత్తి ఎత్తి చూసేదాన్ని.

సాంగోలాల తోటున్న దత్తోబా చెప్పిండు:
"వహినీ, దీనికి కష్టం తెల్వదు.
నలభై రోజులు నీళ్ళు బంద్ చెయ్.
ఆకు పండి రాలాలె, కొమ్మ ఎండినట్టు కావాలె.
అప్పుడు తడుపు, చూడు బహార్!"

నవ్వొచ్చింది.
మా గల్లీల నల్లా వచ్చేదే అయిదో రోజు,
బంద్ చేయనీకి నేనెవరిని?
అయినా చేసిన.
గిన్నెలు కడిగిన నీళ్ళు కూడ
దాని కండ్ల ముంగటే మోరీల పోసిన.

ఇరవై రోజులైనా ఒక్క ఆకు పండలె.
మొదట్ల మన్ను వేలికి చల్లగ తగిలింది.
ఆ రాత్రి మేలుకొని కూసున్న.

రెండో జాముల మా ఆయన
తన వంతు చెంబు పట్టుకొని,
చెప్పుల్లేకుంట, దొంగ లెక్క.
చెట్టుకు సగం. తనకు సగం.
"ఏందిది?" అన్న.
చాలాసేపు పలకలె.
"కూలి ఆపితే మగ్గం ఎక్కువ నడుస్తదని
మా సేటు కూడ అనుకున్నడు."

కారఖానాకు తాళం పడి అప్పటికి ఏడు నెలలు.

దత్తోబా మాట తప్పని అనలేను.
తోటలకు మార్కెట్టుంది, లారీ ఉంది, అప్పుంది.
మాది ఒక్క చెట్టు.

ఆ యేడు మూడు కాయలు.
పాత చాదర్ చింపి సంచులు కుట్టి తొడిగిన.
ఎనిమిది రోజులకు నల్లా వచ్చిన నాడు
ఆత్రంగ బిందెడు పోస్తే
ఒకటి అడ్డంగ పగిలింది, చీమలకు.
ఇంకోటి, సంచీ చింపుకొని, పికిలిపిట్టకు.
మిగిలినదాన్ని అత్త వొలిచింది,
గింజ జారకుంట ఒళ్ళో కొంగు పరిచి.
"సిద్రామా, పుల్లగుందిర" అన్నది,
ఇంకో పిడికెడు తీసుకుంట.

తొక్కలు పారేయబోతే ఆయన ఆపిండు.
నూనె డబ్బాల ఉడకబెట్టి
నూలుపోగు ఒకటి ముంచి
ఎండకు పట్టి చూసుకున్నడు.
"రంగు దిగలె. పటిక వెయ్యాల్సింది."

గోళ్ళకంటిన ఆ పసుపు
రెండు రోజులు కడుక్కోలె.