సన్నక్షరాలు

పన్ను పీకించుకొచ్చిన రాత్రి
మా మేఖల నిద్రపోయాక
వాచీలు విప్పే అద్దం కంటికి బిగించుకుని
చాక్లెట్ సీసా వెనకవైపు చదివాను.

పాతికేళ్లుగా బర్మా బజారు మూలన
బియ్యపుగింజలో సగముండే మరల్ని చూసినవాణ్ణి,
ఇంత సన్నక్షరం
ఏ వాచీ కడుపులోనూ తగల్లేదు.
మొదటి పేరు చక్కెర.
రెండోది పామాయిల్.
సీసా ముందు బొమ్మలో నిగనిగలాడిన గింజలేమో
పెళ్లిలో ఆఖరి బంతికొచ్చిన చుట్టాల్లా
ఎక్కడో కింద, ఒదిగి ఒదిగి.

మర్నాడు షట్టర్ ముందే దించి
సౌకార్‌పేట, మింటు వీధి.
హేజల్‌నట్ తూస్తూ సేటు అడిగాడు
మీ తెలుగులో దీన్నేమంటారని.
చిల్లర లేనివాడిలా నిలబడ్డాను.
పావుకిలో కొన్నాను.
ధర రాయను, మా ఆవిడ ఇది చదవొచ్చు.

సన్నసెగ మీద వేయిస్తుంటే
పెరంబూరు వాటాల్లో మూడిళ్లకు పాకింది వాసన.
"ఎన్న సార్, విశేషమా?" అంది మేడమెట్ల మీంచి పొన్నమ్మ.
వేడివేడిగా తువ్వాల్లో మూటగట్టి
మేఖల చేతికిచ్చాను.
రుద్దింది, రుద్దింది,
మూట విప్పితే పొట్టంతా ఒక పక్క,
బోడిగా, తెల్లగా గింజలొక పక్క.
"నాన్నా, తిరపతి గుండ్లు!"
పేరు దొరికింది. సేటుకి చెప్పాలి.
కొన్ని మొండివి పొట్టు వదల్లేదు.
మొక్కు లేనివట అవి.

ఇక మిక్సీ.
మొదట పొడి.
తర్వాత తడి ఇసక.
తర్వాత కూడా తడి ఇసకే.
గోడలకెక్కి కూర్చుంటుంది, గరిటెతో దించుతాను,
మళ్లీ ఎక్కి కూర్చుంటుంది.
మోటారు కమురు వాసన కొడితే
ఆపి, ఇద్దరం నేలమీద కూర్చుని దానికి విసిరాం,
జ్వరమొచ్చిన మనిషికి విసిరినట్టు.
"కాస్త నూనె పొయ్యి నాన్నా."
"వద్దు, దాన్లోనే ఉంది."
ఉందని నాకేం తెలుసు?
ఆగిన వాచీ తెచ్చినవాళ్లకీ ఇదే చెప్తాను,
మూత తియ్యకముందే.

ఐదోసారికి శబ్దం మారింది.
గరగర పోయి
గొంతులోంచి దిగుతున్నట్టు ఒక మెత్తటి చప్పుడు.
మూత తీస్తే
గింజలు తమ నూనెలో తామే కరిగి
మెరుస్తూ, మెల్లగా జారుతూ.

అక్కడ ఊరుకోవాల్సింది.
సగం గిన్నెలోకి తీసి
తాటిబెల్లం పాకం పట్టి పోశాను, తెలివి ఎక్కువై.
చెంచాడు నీటితడికి నూనె అలిగింది.
క్షణంలో రాయిలా ముద్ద కట్టింది.
ఆ ముద్దని ఉండలు చుట్టి
పొన్నమ్మకి పంపించాం, విశేషమేనని.

మిగిలిన సగంలో
ఎండబెట్టి దంచిన బెల్లప్పొడి,
కోకో మూడు చెంచాలు,
ఉప్పు, వేళ్లకంటినంత.

పన్ను పోయిన సందు తప్పించి
నాలుక కొసన పెట్టుకుంది మేఖల.
ఫ్యాను నాలుగు చుట్లు తిరిగేంతసేపు ఆలోచించింది.
"ఇది అది కాదు."
కాదు.
"చేదుగా కూడా ఉంది."
ఉంది.
"ఇంకో చెంచా."

పడుకునే ముందు సీసాకి కాగితం అంటించింది:
తిరపతి గుండ్లు. బెల్లం. కోకో. ఉప్పు.
సినిమా పోస్టరంత అక్షరాలు,
వీధి చివర్నుంచి చదువుకోవచ్చు.

కీల్పాక్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి
ఆరింటికి వచ్చింది రమామణి.
భుజాన సంచి దించకుండా, దీపం వెయ్యకుండా
నిలబడే తింది,
ఒకటి, రెండు, మూడు చెంచాలు.
నాలుగోది నోట్లో ఉండగానే
కాగితం చదివి, నా వైపు తిరిగి,
"ఎంతైంది?" అంది.

నేను అద్దం కంటికి బిగించుకుని
ఎవరిదో వాచీ తెరిచాను.