రాసుకున్న, పో

హాలియా మార్కెట్ల, కాంటా కాడ
మల్సూరు బస్తాలు లెక్క చెప్తే
కంప్యూటర్ అంటది: రాసుకున్న, పో.

రాయలే.
మతిల పెట్టుకుంది, అంతే.
డిస్కు దాకా పోవుడంటే బద్ధకం దానికి.
పక్కపక్క పనులు నాలుగు జమైతే
ఒక్క తిరుగుడుల ఒడగొట్టాలని చూస్తది.

మొన్న గాలివానకు కరెంటు పోయింది.
నలభై రెండు బస్తాలు
ఏ ఫైల్ల లేవు.
మల్సూరు నన్ను తిట్టలే.
అరచేతి మీద పెన్నుతోటి రాసుకున్న అంకె చూపిండు.
చెమటకు సగం చెదిరింది.

ఆ రాత్రి కెర్నెల్ తెరిచి
పదకొండు లైన్లు మార్చిన:
పళ్ళెం మీద గీత పడ్డంకనే
నోరు తెరువు.
వరుసల ఎనుకబడ్డోన్ని
ఐదు సెకండ్లకు మించి నిలబెట్టకు.

ఇప్పుడు మిషిను నిదానమైంది.
ట్రాక్టర్ల మీది పిలగాండ్లు హారన్లు కొడుతుండ్రు,
సెక్రటరీ సారు గడియారం దిక్కు, నా దిక్కు చూస్తుండు.
నేను పెట్టెకు చెవి ఆనిచ్చి ఇంటున్న
కర్ర్... కర్ర్...
గిప్పుడు రాస్తుంది.

మల్సూరు మాత్రం
ఎడమ చెయ్యి చాపుకొనే ఉన్నడు,
పెన్నడుగుతుండు.