జీడి మరక

పలాసలో ఆదివారం.
రేకుల గుడిలో రొట్టె తన వరసకొచ్చేసరికి
యునీకమ్మ అరచేతులు కొంగులోకి లాక్కుంది.
వారమంతా జీడిపిక్కలు కొట్టిన చేతులు,
బూడిదకీ చింతపండుకీ
లొంగని నలుపు.

"ఆయనొచ్చిన రోజున అన్ని మరకలూ పోతాయమ్మా"
అన్నారు పాస్టరుగారు, మెల్లగా.

"వచ్చినప్పుడు వస్తాడు గానీ బాబూ,
నిన్న మేస్త్రీ తూకం తప్పి
నా పేరున రెండు కేజీలు ఎక్కువ రాసీసినాడు.
ఈయేల పొద్దున్నే ఆడింటికెళ్లి సెప్పీసొచ్చినాను.
ఆడి పెళ్లాం నవ్వింది.
ఆడు నవ్వలేదు,
పుస్తకం తెరిచి అంకె కొట్టీసినాడు.
నలభై రూపాయలు.
మా బుడ్డోడి నోటుబుక్కులకి సరిపోయేవి."

పక్క ఫ్యాక్టరీలో పిక్కలు ఉడుకుతున్న వాసన.
పాట ఆగింది.
ఆవిడ కొంగు వదిలి చేయి చాపింది.
తెల్లటి ముక్క మీద
నల్లగా వేలిముద్ర.

తుడవకుండానే
నోట్లో వేసుకుంది.