కగ్గదాసపుర గేటు దగ్గర

గేటు పడింది.
ముందు కారుతున్న నీళ్ళ ట్యాంకరు, వెనక పిల్లల్ని కుక్కిన ఆటో,
మధ్యలో స్కూటరు మీద, కాలు కింద ఆనించి, నేను.
ఇక్కణ్ణించి కదలకుండా
రెండువందల మైళ్ళు పోబోతున్నాను.

అంటే, సరుకుల కొట్టుకి ఐదువేల గిఫ్ట్ కార్డు కొనబోతున్నాను.
తిన్నగా వెళ్ళి కొంటే పప్పులే వస్తాయి.
విమానం వాళ్ళ వాకిట్లో దూరి, వాళ్ళ పెరటి గుమ్మంలోంచి
అదే కొట్టుకెళితే పప్పులూ మైళ్ళూ.
ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడమే,
కాకపోతే తిప్పినందుకు కూలి ఇస్తారు.

దీనికో మడి ఉంది.
ఆ కిటికీ తెరిచాక ఇంకో కిటికీ తాకకూడదు.
పాత కుకీలు ముందే కడిగెయ్యాలి.
దారిలో ఎవరు కూపనిచ్చినా పుచ్చుకోకూడదు.
మైలపడితే మళ్ళీ మొదట్నించీ.
జంధ్యమెరగని ఇంట్లో పుట్టినవాణ్ణి,
నాకీ ఆచారం ఎయిర్‌లైన్సు నేర్పింది.

వారిజ మొదట్లో నవ్వింది.
తర్వాత మా ఇంట్లో తూకాలే మారిపోయాయి.
కిలో కందిపప్పు ఏడు మైళ్ళు.
పాప బూట్లు నూటపది.
స్టవ్వు బాగుచేసిన నంజప్పకి మాత్రం నోటే కావాలి,
అతను సున్నా.
పైఅంతస్తు మునిలక్ష్మిగారు ఫ్రిజ్ కొంటున్నారని తెలిసి
మెట్లు రెండేసి ఎక్కిపోయాను,
"డబ్బు నాకివ్వండి, కార్డు నేను కొనిపెడతా" అని.
అప్పుకొచ్చాననుకుని ఆవిడ తలుపు సగమే తీసింది.

సొరుగులో ఒక నోటుబుక్కు, నిండా కార్డుల నంబర్లు.
ఒకదాంట్లో పదిహేడు రూపాయలు మిగిలాయి, ఒకదాంట్లో నలభైమూడు.
మూతబడ్డ చెప్పుల కొట్టుది ఒకటుంది, నిండు ఐదువందలు,
శవం చేతి గడియారంలా ఇంకా నడుస్తూ.

మూడేళ్ళు పట్టింది పన్నెండువేలకి.
చేరిన వారమే వాళ్ళు పట్టిక మార్చారు.
విశాఖపట్నం ఇప్పుడు పధ్నాలుగు.
"ఊరు జరిగిందా?" అంది వారిజ.
ఊరు అక్కడే ఉంది. మైలు కురచైంది.
మరో ఏడు నెలల పప్పులు.

చివరికి ఒక్క సీటు. వెళ్ళడానికే, రావడం రైల్లో.
ఉచితం. పన్నులు పదమూడువందల నలభై.
దేవనహళ్ళికి క్యాబు పదహారువందలు,
దానికీ కార్డే కొన్నాను, అరవైనాలుగు మైళ్ళు.

"నువ్వెళ్ళు" అన్నాను.
"అక్కడ నాకేం పని?"
"ఏమీ లేదు."
ఆ మాట ఆమెకి ఎవరూ ఎప్పుడూ ఇచ్చినట్టు లేదు,
ఇంకోసారి అనిపించుకుంది.

ఇవాళ ఐదూ నలభైకి లేచింది విమానం.
పాపని బడి దగ్గర దింపి వస్తూ ఈ గేటు.
గూడ్సు బండి, ముప్పైఎనిమిదో పెట్టె, ముప్పైతొమ్మిదో పెట్టె,
ఫోనులో డబ్బు కట్టే చక్రం తిరుగుతోంది,
పైన టింగుమంటూ వారిజ.

తాకకూడదు.
తాకాను.

రెక్క. దాని కింద ఏదో నీలం.
మూలన అడ్డంగా ఆమె బొటనవేలు.
"మన గేటు వెతికాను, కనపళ్ళేదు.
పైనుంచి చూస్తే అన్ని రోడ్లూ ఖాళీ."

వెనక్కొచ్చేసరికి కిటికీ తెల్లగా ఉంది.
రెండువందలూ పోయాయి.
ఫొటో మళ్ళీ తెరిచి, ఆ వేలు చుట్టూ
రెండు వేళ్ళతో పెద్దది చేస్తుంటే
ఆటోలో పిల్లలు అరిచారు, "అంకుల్, గేట్!"

ట్యాంకరు కదిలింది, దారంతా తడుపుకుంటూ.